శ్రీ చిత్తూరు వి. నాగయ్యగారి జీవితము

ముప్పది నాలుగేండ్ల వయస్సు వచ్చుసరికి మన గ్రామములయందు మనుష్యుడు తన బ్రదుకు ఏ దారిని పోవునో తేలిపోయినదనుకొనును. పొలము గలవాడు పొలమును, కొలువు గలవాడు కొలువును పట్టుకొని, ఇక పిల్లల చదువులు, పెండ్లిండ్లు అను చింతలో పడును. 1938వ సంవత్సరమున శ్రీ నాగయ్యగారి వయస్సు సరిగా అంతే. అప్పటికి ఆయన గుమాస్తాగిరి చేసిరి, పత్రికలో పనిచేసిరి, ఉప్పు సత్యాగ్రహమున పాల్గొనిరి, రాత్రులు నాటకములాడిరి. ఏ పనియందును కాలు నిలువలేదు. అట్టివారు ఆ యేట మొదటిసారి వెండితెరపై కనిపించిరి. అటుపిమ్మట తొమ్మిది సంవత్సరములలో పోతన యనిన ఇతడే, త్యాగయ్య యనిన ఇతడే, వేమన యనిన ఇతడే అని ఆంధ్రదేశమంతయు అనుకొనునట్లు చేసిరి.

ఆయన ఇంటిపేరు ఉప్పలదడియమువారు. ఆంగ్లమున ఆ పేరును వ్రాయునపుడు మొదట వచ్చు అక్షరమును బట్టి పేరునకు ముందు 'వి' చేరినది. చిత్తూరు అనునది ఇంటిపేరు గాదు, జన్మస్థలమును గాదు. 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన రేపల్లెలో ఆయన జన్మించిరి. గుంటూరు జిల్లా అని అందరును వ్రాయుదురు గాని, ఆ జిల్లా ఏర్పడినది అదే సంవత్సరము అక్టోబరు నెలలో. కావున ఆయన పుట్టిన నాటికి రేపల్లె కృష్ణా జిల్లాలోనిది. నేడు బాపట్ల జిల్లాలోనిది. ఊరు కదలకున్నను జిల్లాలు కదలుచుండుట లెక్కలు వ్రాయువారి కెల్లరకును తెలిసినదే. తండ్రి రామలింగేశ్వరశర్మగారు, తల్లి వెంకటలక్ష్మాంబగారు. వైదిక కుటుంబము. సంపద యేమియు లేదు. బాల్యముననే కుటుంబము కుప్పము ప్రాంతమునకు చేరినది. తిరుపతి దేవస్థానమువారు బీద విద్యార్థులకు పెట్టు భోజనమును, ఇచ్చు వేతనమును ఆధారముగా ఆయన చదువు సాగినది. పరుల అన్నము తిని చదివినవాడు తరువాతి కాలమున రెండు విధములుగా మారవచ్చును: ఒకడు ఆ దినములను మరచును, ఒకడు తన యింటి తలుపు మూయుట మరచును. నాగయ్యగారు రెండవ విధమువారు. దాని ఫలము ముందు వచ్చును.

చదువు ముగిసిన పిదప కొంతకాలము ప్రభుత్వ కార్యాలయమున గుమాస్తాగా పనిచేసిరి. పిమ్మట ఆంధ్రపత్రికలో విలేఖరి పని చేసిరి. 1930లో గాంధీమహాత్ముడు దండి యాత్ర సాగించి ఉప్పు చట్టమును ధిక్కరించినపుడు తానును ఆ ఉద్యమమున దిగిరి. ఈ పనులన్నిటి నడుమ విడువకుండ నిలిచినవి రెండే: సంగీతము, నాటకము. చిత్తూరులో రామవిలాససభ యను నాటకసమాజ ముండెను. దానియందు ఆయన వేషములు కట్టి, పాడి, పేరు గడించిరి. ఆ సభలో వచ్చిన కీర్తి వలననే చిత్తూరు నాగయ్య యనుట అలవాటై, రేపల్లె వెనుకబడినది.

ఆ కాలపు నాటకమునకును నేటి నటనకును గల భేదమును ఇచట చెప్పవలసియున్నది. అప్పటి రంగస్థలమున పద్యము ప్రధానము. రాగము తీసి, ఆలాపన చేసి, వన్స్‌మోరు లందుకొని, చచ్చిపోయిన పాత్ర మరల లేచి పద్యము పాడినను ప్రేక్షకులు తప్పు పట్టకుండిరి. మొదటి తెలుగు టాకీలు ఆ నాటకములనే తెరపై కెక్కించినవి. పాట వేరొకరు పాడి నటుడు పెదవులు కదల్చు పద్ధతి ఇంకను స్థిరపడలేదు, నటుడే పాడవలెను. కావున గాత్రము గల రంగస్థల నటులకు టాకీలలో చోటు దొరకెను. కాని వారిలో పలువురు తెరపై గూడ రంగస్థలమున వలెనే ఎలుగెత్తిరి. నాగయ్యగారి భేదము ఇక్కడనే యున్నది. ఆయన గొంతు తగ్గించిరి. పాటను ఎదుటి మనుష్యునితో మాటలాడినట్లు పాడిరి. తెర నటుని ముఖమును గజముల కొలది పెద్దది చేసి చూపునని, కనుక చేతులు విసరనక్కరలేదని, మనవారిలో ముందుగా గ్రహించినవారిలో ఆయన యొకరు. ఇరువదేండ్ల పిల్లవానికి ఇది తెలిసియుండునా యనునది సందేహమే. జీవితమున నాలుగు చోట్ల దెబ్బతిని, గుమాస్తాల మాటయు, రైతుల మాటయు, సత్యాగ్రహుల మాటయు విన్న చెవి కావలెను.

హెచ్. ఎమ్. రెడ్డిగారు దర్శకత్వము వహించిన గృహలక్ష్మి 1938లో విడుదలయ్యెను. కన్నాంబగారు నాయిక, ఆమె సోదరుని పాత్రము నాగయ్యగారిది. నాయకుడు గాదు. ఐనను కల్లు మానుమని ప్రజలకు బోధించుచు ఆయన పాడిన పాట వాడవాడల ప్రాకెను. ఆ దినములలో రాజాజీగారి మంత్రివర్గము మద్యనిషేధమును ప్రవేశపెట్టియుండెను. 1937లో సేలము జిల్లాలో మొదలై, 1938లోనే చిత్తూరు, కడప జిల్లాలకు వచ్చెను. చిత్తూరు పేరు గల నటుడు కల్లు మానుడని పాడుట, చిత్తూరు జిల్లాలో కల్లు నిలిచిపోవుట ఒకే సంవత్సరమున జరిగినవి. పాట వలన ఎందరు మానిరో లెక్క లేదు.

ఆ చిత్రమునకు పనిచేసినవారిలో బి. ఎన్. రెడ్డిగారు ఒకరు. ఆయన తరువాత మిత్రులతో కలిసి వాహినీ సంస్థను నెలకొల్పి, 1939లో వందేమాతరము తీసిరి. చదివియు కొలువు దొరకని యువకుని కథ అది. అందు నాయకుడు నాగయ్యగారే. సంగీతము కూర్చినవారును ఆయనే. ముప్పదియైదేండ్ల వయస్సున నిరుద్యోగి యువకుని వేషము! కాని ఆ నిరుద్యోగమును ఆయన ఎరుగుదురు. దానిని వేరుగా నేర్వ నక్కరలేకపోయెను.

మరుసటి సంవత్సరమున సుమంగళి వచ్చినది. వితంతువుల బాధను చెప్పు ఆ చిత్రమున వీరేశలింగముపంతులుగారిని తలపించు వృద్ధ సంస్కర్త పాత్రమును ఆయన ధరించిరి. నిన్న నాయకుడుగా కనిపించినవాడు నేడు నెరసిన తలతో, వంగిన నడుముతో కనిపించుటకు నటులు సాధారణముగా సమ్మతింపరు. పేరు పోవునని భయము. నాగయ్యగారు ముప్పదియారవ యేట వృద్ధుడైరి. ఆలస్యముగా వచ్చినవానికి ఒక సౌఖ్యము గలదు: యౌవనమును కాపాడుకొనవలసిన చింత వానికి లేదు. 1941లో దేవత వచ్చి జనాదరణ పొందెను. అదే సంవత్సరమున తమిళమున అశోక్‌కుమార్ చిత్రములో త్యాగరాజ భాగవతారుగారి ప్రక్కన అశోక చక్రవర్తిగా నటించిరి. అరవదేశమువారును ఆయనను తమవానిగా జేసికొనిరి.

ఇక పోతన మాట. కె. వి. రెడ్డిగారి తొలి చిత్రమైన భక్త పోతన 1943 జనవరిలో ప్రజల ముందుకు వచ్చెను. యుద్ధకాలము. అంతకు ముందటి వేసవిలో జపానువారు బాంబులు వేయుదురని మద్రాసు నగరము సగము ఖాళీయైనది. అట్టి దినములలో, హలము పట్టి పొలము దున్నుకొనుచు, తన భాగవతమును రాజున కంకితమీయ నని నిలిచిన కవి కథను తెలుగువారు చూచిరి. పోతన ఒంటిమిట్టవాడా, బమ్మెరవాడా యను వాదము పండితుల నడుమ చిరకాలము సాగినది. ఊరూర ఆ సంగతిపై కొట్లాడినవారు గూడ ఆ చిత్రమును కలిసి కూర్చుండి చూచిరి. శ్రీనాథుని వేషమున గౌరీనాథశాస్త్రిగారు రాజసముతో నిలువగా, ఎదుట నాగయ్యగారు చేతులు జోడించికొని నిలిచిరి. భాగవతమును చదివినవారు ఆ ముఖములో తమ పోతనను గుర్తించిరి. చదువనివారు అప్పటినుండి పోతన యనగా ఆ ముఖమునే తలంచిరి. ఊళ్లకు వెళ్లినచోట్ల జనులు ఆయన కాళ్లకు మ్రొక్కుచుండిరి. నటునికి మ్రొక్కుట తగునా యని విమర్శించినవారు లేకపోలేదు. ఆ మ్రొక్కు పోతనకు చెందునదని మ్రొక్కినవారికి తెలియును.

అటువంటి కీర్తి నటునకు బంధనము కాగలదు. ఐనను 1945లో స్వర్గసీమయందు ఒక నటి మోహమున బడి భార్యాబిడ్డలను విడిచిన పత్రికా సంపాదకుని వేషమును ఆయన కట్టిరి. మ్రొక్కినవారు ఏమందురో యని వెనుదీయలేదు. భానుమతిగారి ప్రతిభ ఆ చిత్రముతో దేశమునకు వెల్లడియైనది. దాని సంగీతమున నాగయ్యగారి చేయి గలదు. ఘంటసాల వేంకటేశ్వరరావుగారి గళము నేపథ్యమున తొలుత వినబడిన చిత్రములలో నదియే మొదటిదని చెప్పుదురు. అదే యేట తమిళమున మీరా చిత్రమందు ఎమ్. ఎస్. సుబ్బులక్ష్మిగారి సరసన రాణా పాత్రమును ధరించిరి.

అప్పటికి నలుబది యొక్క సంవత్సరములు నిండినవి. వేతనము హెచ్చు, పిలుపులకు కొదువ లేదు. ఇంకొకడైన పొలములు కొని, ఇండ్లు కట్టి, అద్దెలు వసూలు చేసికొనెడివాడు. ఆయన మాత్రము తానే సంస్థను నెలకొల్పి, త్యాగరాజస్వామి చరిత్రమును చిత్రముగా తీయ సంకల్పించిరి. పోతన కథ ఇతరులు పిలిచి యిచ్చిన వేషము. త్యాగయ్య అట్లు గాదు. నిర్మాత ఆయనే, దర్శకుడు ఆయనే, సంగీతము ఆయనదే, త్యాగయ్య వేషమును ఆయనదే. 1946లో అది విడుదలయ్యెను.

త్యాగరాజస్వామి తెలుగువాడై తమిళదేశమున తిరువయ్యారులో బ్రదికి, 1847లో సిద్ధిపొందెను. తంజావూరు ప్రభువు శరభోజి ఆహ్వానమును, ధనమును కాదని ఉంఛవృత్తి చేసెను. అన్న ఆగ్రహించి ఆయన పూజించు విగ్రహములను కావేరిలో పారవేయుట, అవి మరల లభించుట జనశ్రుతిలో నున్న కథ. కీర్తనలు సభలలో పాడుట వేరు. ఆ కీర్తన ఏ దుఃఖమున, ఏ సంతోషమున పుట్టెనో చూపుచు పాడుట వేరు. సభలో గాయకుడు సంగతులు వేయును. విగ్రహములు పోయినవాడు సంగతులు వేయడు. నాగయ్యగారు విద్వాంసుల గాత్రము గలవారు గారు. వారితో పోల్చిన శాస్త్రజ్ఞానము తక్కువయే యనవచ్చును. ఐనను రాముని వెదకువాని గొంతు ఎట్లుండునో అట్లు పాడిరి. చిత్రమున కొన్ని తావుల కథ మెల్లగా నడచుమాట నిజమే. కీర్తనకు కీర్తనకు నడుమ ఓపిక కావలెను. ఆ ఓపిక నాటి ప్రేక్షకులకు ఉండెను. తెలుగు రాని ప్రాంతములలో గూడ అది ఆదరింపబడెను.

1947లో వాహినీవారి యోగి వేమన వచ్చినది. దర్శకులు మరల కె. వి. రెడ్డిగారే. భోగలాలసుడైన రెడ్డి యువకుడు, వేశ్యాలోలుడు, బంగారము చేయు విద్యకై తిరుగువాడు, అన్న బిడ్డ మరణముతో మారి విరాగియగుట ఆ కథ. పోతన, త్యాగయ్యలు ఆదినుండియు భక్తులు. వేమన అట్లు గాదు, క్రిందినుండి పైకెక్కినవాడు. కావున ఆ పాత్రము కష్టతరము. ముందు భాగమున వేమనను చూచి ప్రేక్షకునకు ఏవగింపు కలుగవలెను. చివర చేతులెత్తి మ్రొక్కబుద్ధి పుట్టవలెను. మనుష్యుడు మాత్రము ఒక్కడే యని నమ్మవలెను. నాగయ్యగారి వేషములలో దేనిని శ్రేష్ఠముగా నెన్నవలెనని యడిగిన, పోతన యని పలువురందురు. లెక్క జాగ్రత్తగా చూచినచో వేమనయే యని తోచును. చిత్రము పండితుల మెప్పు పొందినంతగా ధనము తేలేదు.

1950లో బీదలపాట్లు వచ్చినది. ఫ్రెంచి రచయిత విక్టర్ హ్యూగో 1862లో వెలువరించిన గొప్ప నవలకు అది తెలుగు, తమిళ రూపము, దర్శకులు కె. రామనాథ్‌గారు. రొట్టె దొంగిలించి చెరసాల పాలైన వాడు, తనకు ఆశ్రయమిచ్చిన సాధువు ఇంట వెండి దొంగిలించి పట్టుబడగా, ఆ సాధువు దానిని తానే యిచ్చితినని చెప్పి వానిని కాపాడుట ఆ కథకు ఆయువుపట్టు. అట్లు దానము పొందినవాడు ఆ పిమ్మట జీవితమంతయు దానము చేయుచునే యుండును. ఆ వేషము వేయుటకు నాగయ్యగారు ఎంతో దూరము పోవలసిన పని లేదు.

మద్రాసులో ఆయన ఇల్లు అన్నసత్రము వలె నుండెడిదని నాటివారెల్లరు చెప్పినారు. వేషములకై ఊళ్లనుండి వచ్చినవారు, పని పోయినవారు, దారి తెలియనివారు అచట భోజనము చేసిరి. అడిగినవానికి లేదనుట ఆయనకు చేతకాలేదు. అడిగినవాడు నిజముగా బీదవాడా, నటించువాడా యని విచారించుటయు చేతకాలేదు. నటన నంతగా తెలిసినవారికి ఇది వింతయే. రాబడి, పోబడి రెండు వైపులను వ్రాసి మొత్తము కట్టు అలవాటు ఆయనకు లేకుండెను. దానమును పొగడుట సులభము. కాని దానము చేయు చేతికి లెక్క తెలియనిచో, నిజముగా ఆర్తుడై రేపు వచ్చువానికి ఈయ నేమియు మిగులదు. ఈ దోషము ఆయనయందు ఉండెను. దోషము కాదని వాదించువారు ఆయన చివరి సంవత్సరములను తలంపరు.

స్వంత చిత్రములు మిగిలినదానిని హరించినవి. 1953లో నా ఇల్లు తెలుగు, తమిళములలో తీసిరి. దాని పిదప భక్త రామదాసును తలకెత్తుకొనిరి. పోతన, త్యాగయ్య, వేమనల తరువాత నాల్గవవాడు రామదాసే కావలెనని ఆయన పట్టుదల. అది ఏండ్ల తరబడి సాగినది. ధనము దొరికినపుడు కొంత తీయుట, లేనపుడు ఆపుట, ఇతరుల చిత్రములలో చిన్న వేషములు కట్టి సంపాదించి తెచ్చి దీనిలో పోయుట. 1964 డిసెంబరున అది తుదకు విడుదలయ్యెను. అప్పటికి ఆయనకు అరువదియేండ్లు. భద్రాచలమున గుడి కట్టించునాటి గోపన్న వయస్సునకు ఆ ముఖము మించినది. ఇది ప్రేమతో చూచినవారును ఒప్పుకొనిరి. ప్రేక్షకుల రుచియు మారినది. పెట్టిన ధనము తిరిగి రాలేదు.

కంచర్ల గోపన్న పాల్వంచ పరగణా తహసీలుదారు. సర్కారు సొమ్ముతో రామునికి గుడి కట్టి, లెక్క చెప్పలేక, తానీషా కాలమున గోలకొండ చెరలో పండ్రెండేండ్లు ఉండెనని ప్రసిద్ధి. ఏ కచ్చేరీ కట్టుబాటు ప్రకారము చూచినను ఆ లెక్క తప్పే. కడపట రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షలు చెల్లించి రశీదు తీసికొని పోయిరని కథ. ఆ కథను తెరపై చూపించినవారి అప్పులు తీర్చుటకు రాత్రివేళ ఎవరును రాలేదు.

1965లో భారత ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ బిరుదమిచ్చెను. గౌరవము వచ్చినది గాని గృహమున ఇబ్బంది తీరలేదు. ఐనను నటన విడువలేదు. 1957లో పాండురంగ మాహాత్మ్యమున కొడుకుచే ఇల్లు వెడలగొట్టబడిన వృద్ధ తండ్రిగా నటించియుండిరి. తమిళ సంపూర్ణ రామాయణమున దశరథుడు. 1963లో లవకుశయందు వాల్మీకి. ఆ చిత్రమును ఎడ్లబండ్లు కట్టుకొని పోయి చూచినవారు తెలుగుదేశమున కోకొల్లలు. వారిలో చిన్నవారికి నాగయ్యగారనగా వాల్మీకియే. ఆయన ఒకప్పుడు కథానాయకుడని, జనులు ఆయన కొరకే టిక్కెట్టు కొనెడివారని వారెరుగరు. క్రమముగా వేషములు చిన్నవైనవి: పూజారి, గురువు, ఒక సన్నివేశమున వచ్చి దీవించి పోవు ముని. ఒకనాడు తాను అన్నము పెట్టినవారు నాయకులై, నిర్మాతలై యుండగా, వారి చిత్రములలో రెండు దినముల పనికి పోయి, పిలిచిన వేళకు ముందే వేషము కట్టుకొని కూర్చుండుట సామాన్యులకు సాధ్యముగాదు. అందులో చిన్నతనము గలదని ఆయన తలంచినట్లు తెరపై ఎచటను కనబడదు. ఆ రెండు నిమిషముల మునియు నిజముగా దీవించుచున్నట్లే యుండును.

1973వ సంవత్సరము డిసెంబరు 30వ తేదీన మద్రాసులో నాగయ్యగారు పరమపదించిరి. అరువది తొమ్మిదేండ్లు. నగరములో త్యాగరాయనగరమందలి పానగల్లు ఉద్యానవనమున ఆయన కంచు విగ్రహము నిలిపిరి. యోగి వేమన చిత్రము నేటికిని చూడ లభించును.